నాణేల ఆల్బమ్, క్యాప్సూళ్లు: తొమ్మిదేండ్లు వాడినంక నా మాట

2016ల హన్మకొండ చౌరస్తాల మెత్తటి ప్లాస్టిక్ పాకెట్ల ఆల్బమ్ ఒకటి కొన్న. రేటు తక్కువ, పేజీ తిప్పితే రెండు దిక్కుల నాణెం కనిపిస్తది, ఇంకేం కావాలె అనుకున్న. మూడేండ్లు మంచిగనే ఉండె. ఒక వానకాలం తీసి చూస్తే 1943 చిల్లు పైసల మీద పచ్చగ జిగురు పట్టి ఉన్నది, వేలు పెడితే అంటుకుంటది. తేమ అనుకున్న ముందుగాల. కాదు, ఆ పాకెట్లు పీవీసీవి, ప్లాస్టిక్‌ను మెత్తగ ఉంచనీకి కలిపే నూనె లాంటిది మెల్లగ బయటికొస్తది, పీవీసీ పాడైతున్న కొద్ది యాసిడ్ కూడ వస్తది, రాగిని తినేస్తది. కొత్త ఆల్బమ్ తెరవంగనే బాత్రూం కర్టెన్ వాసనొస్తే అక్కడనే పెట్టి రాండ్రి.

మా అమ్మ చింతపండుతోని తోముదమన్నది. ఒకదాన్ని తోమినం కూడ, ఇత్తడి చెంబు లెక్క మెరిసింది, గని తోమిన నాణేన్ని సేకరించేటోళ్లు ముట్టరు, ఇగ అది నాకు తప్ప ఎవ్వలకూ పనికిరాదు. మిగిలినయ్ ప్యూర్ అసిటోన్ల ముంచిన, నెయిల్ పాలిష్ రిమూవర్ కాదు, దాంట్ల రంగులు సెంట్లు కలుస్తయ్. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగ. జిగురు పోయింది గని రాగి మీద పడ్డ గుంతలు ఎట్ల పోతయ్.

అప్పటి సంది ఆక్రిలిక్ క్యాప్సూళ్లే, అంటే ఒక్కో నాణేనికి ఒక్కో గట్టి ప్లాస్టిక్ గుండ్రటి డబ్బి. తాత ఇచ్చిన చార్మినార్ రూపాయలు నాలుగున్నయ్, ఆఖరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలం హాలీ సిక్కా (హైదరాబాద్ రాజ్యం సొంత నాణెం), ఒక్కోటి 11.18 గ్రాములు, చార్మినార్ దర్వాజల 'ఐన్' అనే ఉర్దూ అక్షరం, ఉస్మాన్ పేరుల మొదటిది, ఉంటది, క్యాప్సూల్ల నుంచి మస్తు క్లియర్‌గ కనిపిస్తది. మొదటిసారి సైజు కొలవకుండ తెప్పిచ్చిన, నాణెం లోపల గలగల కదిలి అంచు రాసుకున్నది, గందుకే వెర్నియర్‌తో కొలిచినంకనే ఆర్డర్ పెట్టుండ్రి. మూతలు గట్టిగ ఉంటయ్, నా గోరు రెండుసార్లు ఇరిగింది. అసిటోన్ల ముంచిన నాణెం పూర్తిగ ఆరకుండ పెడితే ఆక్రిలిక్ కరుగుతది, అది కూడ నా చేతులమీదనే తెలిసింది. అల్యూమినియం పైసలకు మాత్రం అట్టల ఫ్లిప్‌లే చాలు, నడుమ ప్లాస్టిక్ కిటికీ ఉన్న అట్టను మడిచి పిన్ను కొట్టేటియ్, ఆ పిన్ను వెనక ప్లయర్‌తో వంచకపోతే పక్క నాణేన్ని గీస్తది.

గోడకు పెట్టనీకి ఫ్రేమ్ చేయించిన, లోపల ఉన్ని గుడ్డ పరిచి. ఏడాదిల వెండి నల్లగ మాడినట్టు అయ్యింది, ఉన్నిల గంధకం ఉంటదంట, నాకేం తెల్సు. ఇప్పుడు నాణేలన్ని గట్టి మూత డబ్బల, సిలికా జెల్ పొట్లంతో బీరువల. నీలం గింజలు గులాబి రంగు తిరిగితే పాత పెనం మీద ఆరబెడ్త, వంటది కాదు. వానకాలం నెలకోసారి చూసుకోవాలె.

గోడ మీద ఫ్రేమ్‌ల ఇప్పుడున్నయి ఫొటో ప్రింట్లు. వచ్చిన సుట్టాలు ఇప్పటిదాంక ఒక్కలు కూడ కనిపెట్టలే.