మొక్కల కోసం ఊరెళ్తే నేను ఎక్కడ దిగుతానంటే

గది చూపించే అబ్బాయి లైటూ ఫ్యానూ వేసి చూపిస్తుంటే, నేను వెనక తలుపు తీసి కుళాయి ఎక్కడుందో చూస్తాను. 11 ఏళ్ళుగా ఇదే అలవాటు. హనుమకొండలో మా మిద్దె మీద ఇప్పుడు 240 కుండీలున్నాయి. వాటిలో సగానికి పైగా ఎక్కడో కొన్నవి, ఏదో ఒక లాడ్జిలో నాతో పాటు ఒక రాత్రి ఉండి, రైల్లో ఇంటికొచ్చినవి. ఆ ఒక్క రాత్రి మొక్కకి నీడ, గాలి, కాస్త తడి దొరికాయా లేదా అన్నదే తర్వాత అది బతుకుతుందో లేదో తేల్చేస్తుంది. మంచం మెత్తగా ఉందా, టీవీ పెద్దదా అన్నవి నాకు ఆ తర్వాతే.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది రాజమండ్రిలో ఉంది. నర్సరీల ఊరు కడియం వెళ్ళేవాళ్ళకి అందరూ హైవే పక్కనున్న కొత్త హోటళ్ళు చెప్తారు. నేను మాత్రం గోదావరి స్టేషన్ దగ్గర ఒక సందులో ఉన్న పాత లాడ్జిలోనే దిగుతాను. ఉన్నవి ఎనిమిది గదులు. "నెట్లో పేరు పెట్టకండమ్మా, ఎప్పుడూ వచ్చేవాళ్ళకే గదులు చాలట్లేదండి" అని నడిపే ఆవిడే అన్నారు కాబట్టి పేరు రాయడం లేదు. వరంగల్లో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున రాజమండ్రిలో దిగుతాం. ఆ వేళకి వెళ్ళి తలుపు తట్టినా విసుక్కోరు. ఏసీ లేని గది పోయిన జనవరిలో 900 తీసుకున్నారు. మంచాలు గట్టివి, వేడినీళ్ళు బకెట్లో తెచ్చిస్తారు, రాత్రంతా రైళ్ళ చప్పుడు వినిపిస్తుంది, దోమతెర మనమే పట్టుకెళ్ళాలి. ఇవన్నీ ముందే తెలుసుకుని వెళ్ళండి.

అయినా నేను అక్కడికే ఎందుకు వెళ్తానంటే, వెనక పెరడు కోసం. పెరట్లో పెద్ద బాదం చెట్టు, దాని కింద సిమెంటు తొట్టి, తొట్టి పక్కన కుళాయి, కుళాయికి తగిలించిన రబ్బరు గొట్టం. బాదం ఆకులు వెడల్పుగా ఉంటాయి కదా, మధ్యాహ్నం పూట కూడా కింద ఎండ పొడే పడుతుంది. తెచ్చిన మొక్కలన్నీ ఆ తొట్టి చుట్టూ పెట్టి, మట్టి చెప్పులు అక్కడే కడుక్కుని గదిలోకి వెళ్ళొచ్చు. నేలంతా బురద చేస్తున్నారని ఇన్నేళ్ళలో ఎవరూ ఒక్క మాట అనలేదు.

కడియంలో మొక్కలు కొనడానికి ఒక్క రోజు చాలదని నాకు అర్థమయ్యేసరికి మూడేళ్ళు పట్టింది. మొదట్లో పొద్దున్న దిగి, సాయంత్రం రైలెక్కేదాన్ని. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు, ఎటు చూసినా నర్సరీలే. హైవేకి రెండు వైపులా, కాలువ గట్టు పొడుగునా ఆకుపచ్చగా పరుచుకుని ఉంటే మనిషికి తొందర పుడుతుంది. కనిపించిందల్లా కొనేస్తాం. ఇప్పుడు రెండు రోజులు ఉంటాను. మొదటి రోజు తిరిగి చూడటమే, ఒక్క రూపాయి కూడా తీయను. షేరింగ్ ఆటోలో మోరంపూడి మీదుగా కడియపులంక వెళ్ళి, ముందు పూల మార్కెట్‌లో ఓ పావుగంట నిలబడతాను. బంతి, చామంతి, లిల్లీ కుప్పల మధ్య ఆ వాసనకే నిద్ర వదిలిపోతుంది. తర్వాత నర్సరీల్లోకి.

మొక్కని ఎలా చూడాలో అక్కడి ఒక నర్సరీ ఆయన నేర్పారు. కాండం మొదలు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా పైకి లాగి చూడమన్నారు. కవరు, మట్టి మొత్తం కలిసి లేస్తే వేరు పట్టినట్టు. మట్టి కింద ఉండిపోయి కాండం ఒక్కటే కదిలితే దాన్ని ఈ మధ్యే కవర్లోకి మార్చారన్నమాట, రైలు ప్రయాణానికి తట్టుకోదు. మట్టి మీద పచ్చగా నాచు పట్టి ఉంటే అది చాలాకాలంగా ఆ కవర్లోనే ఉందని గుర్తు. ఆకు తిరగేసి నరాల పక్కన పిండినల్లి, అంటే తెల్లగా దూదిలా అంటుకునే పురుగు, ఉందేమో చూడాలి. మందారం, నందివర్ధనం అయితే చిగుళ్ళ సందుల్లో కూడా చూడాలి. నాకు నచ్చిన మొక్కలకి ఆయన ఎర్ర గుడ్డ పీలికలు కట్టి పక్కన పెడతారు. "ఈ సాయంత్రం తడిపేస్తానమ్మగారూ, రేపు పొద్దున్న మాత్రం నీళ్ళు పెట్టం. మట్టి బిగుసుకుంటది, ముద్ద విరగదు" అన్నారు మొదటిసారి. అప్పటిదాకా నేను పాపం దాహంతో ఉంటాయని బయల్దేరే ముందు నిండా నీళ్ళు పోయించేదాన్ని. సగం మొక్కలు కాజీపేట చేరేలోపే మట్టి జారి వేళ్ళు బయటపడేవి.

రెండో రోజు మధ్యాహ్నానికి మొక్కలన్నీ ఆటోలో లాడ్జికి వస్తాయి. అసలు పని అప్పుడు మొదలవుతుంది. లాడ్జి ఆవిడ మెడికల్ షాపుల నుంచి అట్టపెట్టెలు తెప్పించి ఉంచుతారు. ఒక గిన్నెలో అరటి నార నానబెట్టి, పెరట్లో పీట వేసుకుని నా పక్కనే కూర్చుంటారు. మొదటిసారి నేను ప్లాస్టిక్ తాడుతో కాండం చుట్టూ బిగించి కడుతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. "కాండానికి కట్టకండమ్మా, కవరు మెడకి కట్టండి. రైల్లో ఊగితే తాడు బెరడు కోసేస్తదండి." కవరు పైభాగం కాండం చుట్టూ కుచ్చులా దగ్గరికి తీసి, నాన్చిన నార రెండు చుట్లు చుట్టి ముడేస్తారు. నార ఆరిపోతుంటే ఆ ముడి దానంతటదే బిగుసుకుంటుంది. పోయిన జనవరిలో 26 మొక్కలు అలా కట్టాం. కాగడా మల్లె రెండు, సింహాచలం సంపెంగ ఒకటి, ముద్ద దేవగన్నేరు, మనోరంజితం, మిగిలినవి మందారాలు. ఒక్కటి కూడా చావలేదు. సంపెంగ ఆకులు రాల్చింది కానీ మార్చిలో చిగురేసింది. ఈ సాయానికి బిల్లులో ఒక్క రూపాయి వెయ్యరు.

కడియం మట్టి జిగట మట్టి. ముద్ద చెదరకుండా మొక్కని ఇంటిదాకా చేర్చేది ఆ జిగటే కానీ, మన కుండీలో అలాగే దింపితే గట్టిపడి నీళ్ళు ఇంకవు. ఇంటికెళ్ళాక ఓ పది రోజులు నీడలో ఉంచి, అంచుల మట్టి కొంచెం వదులు చేసి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) కలిపిన మట్టిలోకి మార్చండి. వేళ్ళని మాత్రం పూర్తిగా కడగొద్దు.

సంక్రాంతి రోజుల్లో వెళ్ళకపోవడమే మంచిది. కొత్త సంవత్సరానికి మొక్కలతోనే అక్షరాలు, బొమ్మలు పేర్చి పెడతారు, చూడటానికి జనం విరగబడతారు. అందంగానే ఉంటుంది కానీ, నర్సరీ వాళ్ళతో నిలబడి మాట్లాడే తీరిక దొరకదు. నేను జనవరి ఆఖరు వారంలో, మళ్ళీ ఆగస్టులో వెళ్తాను.

కొనడానికి కాకుండా కేవలం చూడటానికి వెళ్తే నా ఓటు అరకులో పద్మాపురం తోటకి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలుపెట్టిన తోట అది. లోపల చెట్ల మీద కట్టిన కుటీరాలున్నాయి, వాటిలో రాత్రి ఉండొచ్చు. మా ఆడపడుచూ నేనూ ఒక డిసెంబరులో ఉన్నాం. సాయంత్రం చూడటానికి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక తోట ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆకు మీంచి ఆకు మీదికి మంచు బొట్టు పడటం వినిపించింది. "వదినా, ఇక్కడే ఉండిపోదామా" అంది తను. పొద్దున్నే గులాబీల మీద మంచు ఆరకముందే ఎవరూ లేని దారిలో నడిచాం. ఆ నెలలో అయితే దారి పొడుగునా వలిసె పూలు పసుపు ఆరబోసినట్టుంటాయి. అనంతగిరి వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉంటాయి. కాఫీ పండ్లు ఎర్రబడి ఉంటే తోటవాళ్ళని అడిగి ఒకటి నోట్లో వేసుకోండి, తొక్క కింద పలచని తీపి ఉంటుంది. విశాఖ నుంచి పొద్దున్న వెళ్ళే కిరండూల్ రైలు ఎక్కితే సొరంగాల మధ్య నుంచి ఆ అడవంతా చూస్తూ వెళ్ళొచ్చు. చలి బాగా ఉంటుంది, ఇంకో దుప్పటి మీ వెంటే ఉంచుకోండి.

బెంగళూరులో అయితే లాల్‌బాగ్‌కి నడిచి వెళ్ళగలిగే దూరంలో, బసవనగుడి వైపు ఏ చిన్న లాడ్జి అయినా నాకు చాలు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట. పొద్దున్న 6 గంటలకే గేటు తీస్తారు. పూల ప్రదర్శన రోజుల్లో, అంటే ఆగస్టు 15కీ జనవరి 26కీ ముందు, ఆ పొద్దుటి నడకే హాయి. 10 దాటితే గాజు భవనం దగ్గర కాలు పెట్టలేం. మొక్కలు కొనాలంటే తోటకి అవతల సిద్ధాపుర నర్సరీలున్నాయి. ఇండోర్ మొక్కలు అక్కడ బాగుంటాయి.

ఒక్క చేదు అనుభవం కూడా చెప్పాలి. ఒక పెద్ద ఊళ్ళో లిఫ్టు, పాలరాయి నేల ఉన్న హోటల్లో దిగాం. మట్టి పడుతుందని మొక్కలు పైకి తీసుకెళ్ళనివ్వలేదు. కింద కార్లు పెట్టే చోట భద్రంగా ఉంచుతామన్నారు, నమ్మాను. పొద్దున్న వెళ్ళి చూస్తే ఏసీ యంత్రాల వేడిగాలి సరిగ్గా వాటి మీదికే కొడుతోంది. ఆరు ఫెర్న్‌లు, వేళ్ళతో ముట్టుకుంటే వేయించిన కరివేపాకులా పొడి అయిపోయాయి. డబ్బు సంగతి కాదు, అందులో ఒకటి మా అమ్మ కోసం కొన్నది. గదికి 3,200 కట్టిన చోట నా మొక్కలకి బాత్రూం మూల కూడా దొరకలేదు.

అప్పటి నుంచి ఎక్కడికి వెళ్ళినా ముందు ఫోన్ చేసి, 20 మొక్కలు వస్తాయి, ఒక రాత్రి ఎక్కడ పెట్టమంటారు అని అడుగుతున్నాను. "పర్లేదులెండి, చూద్దాం" అంటే ఆ గది వద్దనుకుంటాను. "ఎంతెత్తు మొక్కలండీ?" అని తిరిగి అడిగితే బుక్ చేసేస్తాను. రాజమండ్రి ఆవిడ మొదటి ఫోన్లోనే ఆ మాట అడిగారు.