జాగ్రత్త: ‘తెలుగు పిల్లలకు ఇంగ్లీషు వాక్య నిర్మాణం’ అంటూ అమ్ముతున్న కిట్టుకు దయచేసి డబ్బు కట్టకండి

మన ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులన్నింటిలోనూ బడులు తెరిచినప్పటి నుంచి తిరుగుతున్న ఆ ప్రకటనను మీరందరూ చూసే ఉంటారు. పసుపు రంగు పెట్టె, దానిపై ఇద్దరు పిల్లల బొమ్మ, కింద ‘30 రోజుల్లో మీ విద్యార్థి సొంతంగా ఇంగ్లీషు వాక్యం రాస్తాడు’ అన్న హామీ. ఆ పెట్టెకూ, దానితో పాటు ఇస్తామన్న 12 ప్రత్యక్ష ఆన్‌లైన్ తరగతులకూ కలిపి 4,999 రూపాయలు ఫోన్‌పేలో కట్టి నేను మోసపోయాను. డబ్బు పోయినందుకు బాధ ఉంది. కానీ నిన్న సాయంత్రం తరగతిలో ఆ శిక్షకుడు అన్న మాటకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇంకొకరు కట్టకముందే చెప్పాలని, ఈ రోజు బడి నుంచి వచ్చిన వెంటనే కూర్చుని ఇది రాస్తున్నాను.

నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్‌ను. మూడు, నాలుగు, ఐదు తరగతులు నావే. 2020-21 నుంచి మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి కాబట్టి పిల్లలకు పదాలు బాగానే వస్తున్నాయి. ‘ఫార్మర్’ అంటే రైతు అని చెబుతారు, ‘మార్కెట్’ స్పెల్లింగు తప్పు లేకుండా రాస్తారు. ఆ పదాలను కూర్చి ఒక వాక్యం చెయ్యమన్నప్పుడే ఆగిపోతారు.

ప్రకటనలో నన్ను పట్టుకున్నది ‘తెలుగు వాక్యం నడకను దృష్టిలో పెట్టుకుని తయారు చేసినది’ అన్న ఒక్క ముక్క. ప్రాథమిక తరగతులకు ఇంగ్లీషు చెప్పేవారికి ఆ ముక్క ఎంత విలువైనదో తెలుసు. తెలుగులో ‘మా నాన్న రైతు’ అంటే వాక్యం పూర్తయినట్టే, దానికి క్రియ అక్కర లేదు. ఆ అలవాటుతో పిల్లవాడు ‘మై ఫాదర్ ఫార్మర్’ అని రాస్తే, అది అశ్రద్ధ కాదు, తన భాషా నియమాన్ని తాను నిక్కచ్చిగా పాటించడమే. ‘వెళ్ళాను’ అన్న మాటలోనే ‘నేను’ ఇమిడి ఉంది కాబట్టి ‘వెంట్ టు మార్కెట్’ అని రాసి ‘ఐ’ వదిలేస్తాడు. మనకు ‘మీద’ అన్నది ‘బల్ల’ తర్వాత వస్తుంది, ఇంగ్లీషులో ‘ఆన్’ ముందే రావాలి. మన క్రియ వాక్యం చివర కూర్చుంటుంది, వాళ్ళ క్రియ కర్తకూ కర్మకూ నడుమ కూర్చుంటుంది. ‘నాకు ఇద్దరు అక్కలు ఉన్నారు’ అన్నదానిలో ఉన్నది అక్కలు, ఇంగ్లీషుకు వెళ్ళేసరికి ‘ఐ’ కర్తగా మారి ‘హ్యావ్’ వస్తుంది. ఈ తేడాలను ఎనిమిదేళ్ళ పిల్లలకు వ్యాకరణ పదాలు వాడకుండా ఎలా చూపించాలన్నది నా వంటి వాళ్ళందరి ప్రశ్న. దానికి జవాబు దొరుకుతుందని నమ్మాను.

పెట్టె పదకొండు రోజులకు వచ్చింది. బిల్లు లేదు, పంపినవారి చిరునామా లేదు, ఫోన్ నంబరు మాత్రమే ఉంది. లోపల 96 కార్డులు ఉన్నాయి. కర్తకు నీలం, క్రియకు ఎరుపు, కర్మకు ఆకుపచ్చ అని ఒక చిన్న కాగితం మీద రాసి ఉంది. ఎనిమిది కార్డుల మీద ‘ఈజ్’ ఆకుపచ్చలో ఉంది. ఒక కార్డు మీద ‘హి గో టు స్కూల్’ అని అచ్చు వేశారు. నేను చూసుకోకుండానే ఆ కార్డును తరగతిలో పిల్లల చేతికి ఇచ్చాను. ఐదో తరగతి పాప దానిని పుస్తకం పక్కన పెట్టుకుని, ‘టీచర్, పుస్తకంలో గోస్ అని ఉంది, కార్డులో గో అని ఉంది, ఏది రాయాలి?’ అని అడిగింది. డబ్బు పెట్టి తప్పును కొని, నా చేతులతోనే పిల్లల ముందు పెట్టానన్న సంగతి అప్పుడు అర్థమైంది. పాపకు పుస్తకమే సరైనదని చెప్పి, ఆ కార్డును పక్కకు తీశాను.

‘మా సొంత ఆవిష్కరణ’ అని గొప్పగా చెప్పిన ‘వాక్య యంత్రం’ ఏమిటో తెలుసా? మన టీటీసీ, డైట్ ఉపాధ్యాయ శిక్షణ రోజుల్లో చార్టుల మీద గీసి టీఎల్ఎంగా, అంటే బోధన సామగ్రిగా, పెట్టిన సబ్‌స్టిట్యూషన్ టేబులే అది. ఇంగ్లీషు బోధనా పద్ధతుల నిపుణుడు హెరాల్డ్ పామర్ వందేళ్ళకు పూర్వమే ప్రచారంలోకి తెచ్చిన పట్టిక. మొదటి గడిలో ‘ఐ, యు, వి, దే’, రెండో గడిలో ‘లైక్, వాంట్, సీ’, మూడో గడిలో వస్తువుల పేర్లు. ఏ వరుస కలిపినా సరైన వాక్యం రావాలన్నదే ఆ పట్టిక ప్రాణం. వీరి పట్టికలో మొదటి గడిలోనే ‘హి, షి’ కూడా చేర్చి, క్రియకు ‘ఎస్’ పెట్టకుండా వదిలేశారు. అంటే పిల్లవాడు ఆ యంత్రాన్ని ఎంత శ్రద్ధగా తిప్పితే అన్ని తప్పు వాక్యాలు తయారవుతాయి.

తరగతుల విషయానికి వస్తే, మొదటి నాలుగూ ప్రత్యక్షం కాదు, పాత రికార్డింగులు. ఐదోది, నిన్నటిది, నిజంగానే ప్రత్యక్షంగా జరిగింది. 80 మందికి పైగా ఉన్నాము. ప్రశ్నలు అడగవచ్చని చెప్పారు కాబట్టి నేను చెయ్యెత్తాను.

నేను తీసుకువెళ్ళిన ప్రశ్న నాది కాదు. మా నాలుగో తరగతి అబ్బాయిది. మొన్న ‘నువ్వు అన్నం తిన్నావా?’ అన్నదానిని ఇంగ్లీషులో ‘డిడ్ యు ఈట్ రైస్?’ అనాలని చెప్పినప్పుడు, వాడు కాసేపు బోర్డు వైపు చూసి, ‘టీచర్, తిన్నావాలో డిడ్ ఎక్కడుంది?’ అని అడిగాడు. ఇన్నేళ్ళ సర్వీసులో నేను విన్న మంచి ప్రశ్నల్లో అది ఒకటి. తెలుగులో ప్రశ్న అంతా చివరి దీర్ఘంలో ఉంది. ‘తిన్నావు’కు ‘ఆ’ చేరితే చాలు. ఇంగ్లీషులో దాని కోసం ఒక కొత్త పదం వచ్చి వాక్యం ముందు నిలబడాలి, పైగా ‘ఏట్’ తన గతకాలాన్ని దానికి అప్పగించి ‘ఈట్’గా మారిపోవాలి. ఇది పిల్లవాడికి ఎలా చూపించాలి? ‘తెలుగు వాక్యం నడకను దృష్టిలో పెట్టుకున్న’ వాళ్ళకు ఇంతకంటే తగిన ప్రశ్న ఉండదనుకున్నాను. వాడు అడిగినది అడిగినట్టే చెప్పాను.

ఆ శిక్షకుడు నవ్వారు. ‘మేడమ్, ప్రభుత్వ బడుల టీచర్లతో ఇదే సమస్య. ముందు మీరు గ్రామర్ నేర్చుకోండి, ఆ తర్వాత పిల్లలకు చెబుదురు గానీ. మీ డౌట్లు పిల్లల పేరు పెట్టి అడగకండి’ అన్నారు. నేను ‘సర్, ఇది నిజంగా మా బాబు అడిగిన ప్రశ్నే’ అంటుండగానే నా మైకు ఆపేశారు. తెర మీద నా పెదవులు కదులుతూనే ఉన్నాయి, శబ్దం మాత్రం ఎవరికీ వినబడలేదు. 80 మంది ముందు నా ఉద్యోగాన్ని, నా బడిని తక్కువ చేసి మాట్లాడారు. అంతకంటే నన్ను కలచివేసినది మరొకటి ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లవాడు రెండు భాషలను పక్కపక్కన పెట్టి చూసి అడిగిన ప్రశ్నను, ఆ వయసు పిల్లవాడు అడగనే లేడని కొట్టిపారేశారు. పిల్లలకు నేర్పుతామని డబ్బు తీసుకునే మనిషి, పిల్లలకు ఆలోచన ఉంటుందని కూడా నమ్మకపోతే ఇక వారికి ఏమి నేర్పుతారు?

తరగతి అయ్యాక వారి వాట్సాప్ గ్రూపులో తప్పుగా అచ్చయిన కార్డుల ఫోటోలు మర్యాదగానే పెట్టి, సరైనవి పంపమని కోరాను. ఐదు నిమిషాల్లో నా సందేశం తొలగించారు, మరో రెండు నిమిషాల్లో నన్ను గ్రూపు నుంచి తీసేశారు. మిగిలిన ఏడు తరగతుల లింకులు ఆ గ్రూపులోనే ఇస్తారు. ఫోన్ చేసి డబ్బు వెనక్కు ఇవ్వమంటే, ఎత్తినమ్మాయి ‘డిజిటల్ కోర్సు కాబట్టి రిఫండ్ ఉండదు మేడమ్, షరతుల్లో రాశాము’ అంది. పెట్టె డిజిటల్ ఎలా అవుతుందమ్మా అని అడిగితే ఫోన్ పెట్టేసింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, ఆమెకు అలా చెప్పమని చెప్పి ఉంటారు.

నా తప్పు నేను ఒప్పుకోవాలి. కట్టే ముందు ఒక నమూనా పాఠం చూపించమని అడగవలసింది, అడగలేదు. ప్రకటనలో పిల్లలు రాసిన ఒక్క నోటు పుస్తకం పేజీ కూడా లేదని గమనించవలసింది, గమనించలేదు. అన్నింటికంటే, పెట్టె తెరిచి చూడకముందే మా కాంప్లెక్స్ మీటింగులో (చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయుల సమావేశంలో) దాని గురించి మంచిగా చెప్పాను. నా మాట మీద ఇద్దరు ఉపాధ్యాయినులు డబ్బు కట్టారు. వారిలో ఒకరిది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒక్కరే ఐదు తరగతులు చూసుకుంటూ, కాస్త సాయంగా ఉంటుందని తన జీతంలోంచి తీసి కట్టారు. నిన్న రాత్రి ఆమెకు ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ‘మీరేం చేస్తారు అక్కా’ అన్నారు. ఆ మాటకు నాకు ఇంకా బాధ ఎక్కువైంది.

ఈ ఉదయం ఆ పెట్టెను బీరువా పైకి ఎక్కించి, పాత క్యాలెండరు కాగితాలు చింపి వెనుక వైపు స్కెచ్ పెన్నుతో పదాలు రాశాను. ‘యు’, ‘ఏట్’, ‘రైస్’ పట్టుకుని ముగ్గురు పిల్లలు వరుసగా నిలబడ్డారు. ‘ఏట్’ కాగితం వెనుక ‘ఈట్’ అని రాసి ఉంచాను. ప్రశ్న అడిగిన బాబు చేతికే ‘డిడ్’ ఇచ్చి, వరుస ముందుకు వెళ్ళి నిలబడమన్నాను. వెళుతూ ‘ఏట్’ పాప భుజం తట్టి ‘నిన్నటి సంగతి నాకిచ్చెయ్’ అనాలి, పాప తన కాగితం తిప్పి ‘ఈట్’ చూపించాలి. నాలుగు సార్లు ఆడారు. ఐదోసారి పాప కాగితం తిప్పడం మరిచిపోతే తరగతి అంతా ‘తిప్పు, తిప్పు’ అని అరిచింది. వాడు ముందు నిలబడి, వెనక్కు తిరిగి నాతో, ‘మనకు ఆ చివర వస్తుంది, వాళ్ళకు డిడ్ ముందే వచ్చేస్తుంది, అంతే కదా టీచర్’ అన్నాడు. అంతే నాన్నా అన్నాను. ఇందుకు నాకు అయిన ఖర్చు ఒక స్కెచ్ పెన్ను.

కొనాలనుకునేవారికి చెప్పవలసినవి కొన్నే ఉన్నాయి. ఏ కిట్టు అయినా ముందు పది కార్డుల ఫోటోలు, ఒక పూర్తి పాఠం అడిగి చూడండి, ఇవ్వనంటే వదిలేయండి. ప్రభుత్వ దీక్షా యాప్‌లో పాఠ్యపుస్తకాలు, పాఠాలు ఉచితంగానే ఉన్నాయి, ముందు అవి వాడి చూడండి. ఇప్పటికే కట్టినవారు చెల్లింపు స్క్రీన్‌షాట్, ప్రకటన ఫోటో, కార్డుల ఫోటోలు జాగ్రత్తగా దాచుకుని, జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేయండి. నేను ఈ రోజు మధ్యాహ్నం భోజన విరామంలో చేశాను. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవారు ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు, 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు ఉండదు, రెండేళ్ళ వరకు గడువు ఉంటుంది. మేము ముగ్గురమూ వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాము.

నిన్న సాయంత్రం ఆ తరగతిలో ఉన్న 80 మందిలో ఈ పోస్టు చదువుతున్నవారు తప్పక ఉంటారు. ఆ శిక్షకుడు ఏమన్నారో, నా మైకు ఎప్పుడు ఆపారో మీరు విన్నారు, చూశారు. మా వద్ద రికార్డింగు లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, లేదా విన్నది విన్నట్టు రాసి సంతకం పెట్టి ఇవ్వగలిగితే, దయచేసి నాకు విడిగా సందేశం పంపండి.