ప్లూమానాక్, రే ద్వీపం, బాన్యుల్స్: పిల్లలతో ఫ్రాన్స్ సముద్ర తీరానికి ఏది మేలు?

ఐరోపాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు వేసవి సెలవులు దగ్గరపడేసరికి ఇంచుమించు ఒకే మాట అడుగుతాయి. నీస్, కాన్ లాంటి రద్దీ ఊళ్లు వద్దు. ఓ ఇల్లు అద్దెకు తీసుకుని వారం రోజులు పిల్లలతో, వీలైతే ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యలతో నిదానంగా గడిపే పల్లె కావాలి. దానికి ఉత్తరాన బ్రిటనీ మంచిదా, పడమట రే ద్వీపమా, దక్షిణాన మధ్యధరా తీరమా?

అడిగేవాళ్లు నీళ్ల వెచ్చదనం, ఇంటద్దె, రైలు ప్రయాణం పోల్చుకుని వస్తారు. అవి చూడాల్సినవే. కానీ అక్కడికి వెళ్లాక ఏ పూట ఏం చేయగలమో తేల్చేది ఆటుపోట్లు. ఎక్కువమంది వాటి సంగతి ఇల్లు బుక్ చేశాకే చూస్తారు.

మన తీరం అలవాటు ఉన్నవాళ్లకు ఇది వెంటనే తట్టదు. విశాఖలో పొద్దున సముద్రం ఎక్కడుంటుందో సాయంత్రమూ దాదాపు అక్కడే ఉంటుంది. పెద్ద పోటుకూ ఆటుకూ మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు. బ్రిటనీ ఉత్తర తీరంలోని ప్లూమానాక్ దగ్గర అదే తేడా పెద్ద పోట్ల రోజుల్లో సుమారు 8 మీటర్లు. ఇంకా తూర్పున సెం మాలో దగ్గర 10 దాటి, ఏడాదిలో కొన్ని రోజులు 12 మీటర్లు కూడా మించుతుంది. రే ద్వీపం ఎదుట లా రొషెల్ దగ్గర 5. మధ్యధరా ఒడ్డున బాన్యుల్స్‌లో జానెడు, మహా అయితే మూరెడు.

నీటి మట్టం ఎంత దిగిందన్నదానికన్నా నీటి అంచు ఎంత దూరం జరిగిందన్నది పిల్లలతో వెళ్లేవాళ్లకు ముఖ్యం. వంద మీటర్లకు ఒక మీటరు వాలున్న ఇసుక మీద 8 మీటర్ల నీరు తీస్తే సముద్రం 800 మీటర్లు వెనక్కి పోతుంది. గొడుగు, ఐస్ పెట్టె, చంకలో మూడేళ్ల పిల్లతో ఆ తడి ఇసుకలో నడవడం తేలిక కాదు. ఇరవైకి ఒకటి వాలుంటే అదే నీరు 160 మీటర్లే జరుగుతుంది. అందుకే బ్రిటనీలో ఊరు ఎంచుకునేటప్పుడు ఫొటోలో ఇసుక ఎంత వెడల్పుగా ఉందని మురిసిపోకూడదు. ఆ వెడల్పు కనిపిస్తున్నది నీరు తీసినప్పుడే.

ఫ్రాన్స్‌లో ప్రతి రోజు పోటుకూ అది ఎంత పెద్దదో చెప్పే ఒక అంకె ఇస్తారు. దాన్ని కోఎఫిసియాన్ అంటారు. 20 నుంచి 120 దాకా ఉంటుంది, 70 నడిమి. నౌకాదళ జలసర్వే సంస్థ షోమ్ లెక్కలతో అచ్చేసిన పోటు పట్టిక తీరంలో ఏ టూరిస్టు ఆఫీసులోనైనా దొరుకుతుంది. కొన్ని పట్టికలు యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటాయి. అవైతే వేసవిలో రెండు గంటలు కలుపుకోవాలి.

అంకె గుర్తులేకపోయినా తిథి తెలిస్తే చాలు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు అంకె తరచు 90, 100 దాటుతుంది. అష్టమి దాటి నవమి, దశమి నాటికి 40, 50కి పడిపోతుంది. దీనితోపాటు ఈ తీరానికి ఇంకో విశేషం ఉంది. ఒక్కో రేవులో పెద్ద పోటు ఎప్పుడూ రోజులో ఇంచుమించు అదే వేళకు వస్తుంది. ప్లూమానాక్ వైపు వేసవి గడియారం ప్రకారం అది ఉదయం, సాయంత్రం ఏడెనిమిది గంటలు. అంటే అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఎండ బాగా ఉన్న నడి మధ్యాహ్నం సముద్రం అన్నిటికన్నా దూరంగా ఉంటుంది. నవమి, దశమి నాటికి ఇది తలకిందులవుతుంది. మధ్యాహ్నం ఒకటీ రెండింటికి పోటు నిండుగా ఉంటుంది, నీరు మన తువ్వాలు దగ్గరకే వస్తుంది, వెచ్చబడిన ఇసుక మీదుగా పాకి వస్తుంది కాబట్టి ఒకింత వెచ్చగానూ ఉంటుంది. రే ద్వీపంలోనూ ఇదే వరస, గంటో గంటన్నరో ముందుగా.

అక్కడి పల్లెటూరి ఇళ్లను వేసవిలో చాలావరకు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. కాబట్టి ఏ శనివారం దిగుతామన్నదే అసలు నిర్ణయం. 2026 జులై తీసుకోండి. 14న అమావాస్య. 11 నుంచి 18 దాకా ఉండే కుటుంబానికి వారం నడుమ పెద్ద ఆట్లు వస్తాయి, మధ్యాహ్నాలు రాళ్ల మడుగుల్లో పీతలు వెతకడానికి బ్రహ్మాండం, ఈతకు కాదు. 18 నుంచి 25 దాకా ఉండేవాళ్లకు 22, 23 తేదీల్లో చిన్న పోట్లు, మధ్యాహ్నం నిండు నీళ్లు. అదే ఊరు, బహుశా అదే అద్దె, కానీ పిల్లలకు పూర్తిగా వేరే సెలవు.

ఇది దృష్టిలో పెట్టుకుని చూస్తే నా ఓటు బ్రిటనీలోని గులాబీ రాళ్ల తీరానికే. ప్లూమానాక్, దాని పక్క ఊరు త్రెగాస్తెల్. ఇక్కడ తీరం ఒకే పొడుగాటి బీచ్ కాదు. ఇంటి ఎత్తు గ్రానైటు బండల మధ్య చిన్న చిన్న ఇసుక గుంటలు. ఒకటి ఎండిపోతే పది నిమిషాల నడకలో ఇంకొకటి లోతుగా దొరుకుతుంది. ప్లూమానాక్‌లో సెం గిరెక్ బీచ్ మధ్యలో ఒక బండ మీద చిన్న రాతి గుడి ఉంది. ఆటప్పుడు ఇసుక మీద నడిచి వెళ్లి గోడ తాకి రావచ్చు. పోటుకు దాని చుట్టూ నీళ్లు. అరగంటకోసారి దాని మొదలు దగ్గర నీరు ఎంత లేచిందో పిల్లలకు చూపిస్తే ఆటుపోట్లంటే ఏమిటో వాళ్లకు పాఠం చెప్పనక్కర్లేదు. అక్కడి నుంచి పెరోస్ గిరెక్‌లోని త్రెస్ట్రావు బీచ్ దాకా సముద్రపు అంచునే కాలిబాట ఉంది. ఒకప్పుడు సుంకం అధికారులు దొంగ సరుకు కోసం కాపలా తిరిగిన దారి అది. పెద్దవాళ్లు కూడా నిదానంగా నడవగలరు, చక్రాల బండి మాత్రం అంతటా సాగదు. త్రెస్ట్రావు నుంచి సెత్ ఇల్ పక్షుల రక్షిత ప్రాంతానికి పడవలు వెళ్తాయి. పఫిన్లను చూడాలంటే జులై మధ్యలోపే వెళ్లాలి, తర్వాత అవి నడిసముద్రానికి పోతాయి. గానెట్లు సెప్టెంబరు దాకా ఉంటాయి. వాన పడితే త్రెగాస్తెల్‌లో బండల నడుమ కట్టిన అక్వేరియం ఉంది.

లోపాలు చిన్నవేం కావు. ఆగస్టులో కూడా నీరు 16 నుంచి 18 డిగ్రీలే. పిల్లలకు నియోప్రీన్ సూటు తప్పనిసరిగా కొనండి. అది లేకపోతే పది నిమిషాలకే పెదాలు నీలం తిరిగి బయటికి వచ్చేస్తారు, ఉంటే గంట ఆడతారు. గాలిలో 20, 22 డిగ్రీలు ఉన్న రోజు మంచి రోజు కింద లెక్క. తాతయ్యలకు స్వెటరు పెట్టుకోండి. రెండోది పచ్చ నాచు. పశువుల పెంపకం, ఎరువుల నుంచి వాగుల్లో కలిసిన నైట్రేట్ల వల్ల చదునుగా, మూసుకుపోయినట్టుండే అఖాతాల్లో ఇది గుట్టలుగా పేరుకుంటుంది. కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ విడుస్తుంది, కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. పైన ఎండి తెల్లటి పెచ్చు కట్టిన కుప్ప మీద అడుగు పెడితే లోపలి వాయువు ఒక్కసారిగా బయటికొస్తుంది, అది ప్రాణాంతకం. సెం బ్రియూ అఖాతం, సెం మిషెల్ ఆన్ గ్రెవ్ దగ్గరి పెద్ద ఇసుక మైదానం దీనికి పేరుపడ్డవి, రెండోది ఇక్కడికి దూరం కూడా కాదు. తెరిచిన సముద్రానికి ఎదురుగా ఉన్న ప్లూమానాక్ గ్రానైటు కొసల దగ్గర ఈ బెడద చాలా తక్కువ. ఇల్లు చవగ్గా దొరికిందని ఆ అఖాతాల ఒడ్డున తీసుకోకండి.

నీరు తీశాక దూరపు రాళ్ల దాకా వెళ్లడంలో ఒక లెక్క తప్పకుండా పాటించాలి. ఆటు నుంచి పోటుకు ఆరు గంటలు అనుకుంటే నీరు సమంగా లేవదు. మొదటి గంటలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు. 8 మీటర్ల తేడా ఉన్న రోజు ఆ మూడో గంటలో నీరు రెండు మీటర్లు లేస్తుంది. పైగా నీరు ముందు నుంచి మాత్రమే రాదు. మన వెనక ఉన్న పల్లపు కాలువలు ముందు నిండుతాయి, నిలబడ్డ దిబ్బ ఇంకా పొడిగానే ఉంటుంది. ఆటు వేళకు గంటన్నర ముందు బయలుదేరి, సరిగ్గా ఆటు వేళకు వెనక్కి తిరగాలి. సముద్రంలో ఆపద వస్తే ఫోను నంబరు 196.

రే ద్వీపానికి ఓటు వేసేవాళ్లను తప్పు పట్టలేను. ఐదేళ్లలోపు పిల్లలుంటే నేనూ అదే చెబుతాను. దక్షిణపు ఒడ్డున ల బ్వా ప్లాజ్, లా కువార్డ్ బీచ్‌లు మెత్తటి ఇసుక, మెల్లటి వాలు, ఆగస్టులో నీరు 20 డిగ్రీల అటూఇటూ. ఉత్తరపు ఒడ్డు చాలాచోట్ల ఆటుకు బురద తేలుతుంది, ఈతకోసం అక్కడ ఇల్లు తీసుకోవద్దు. ద్వీపమంతా అరచేయిలా చదును. వంద కిలోమీటర్లు దాటిన సైకిలు బాటలు ఉప్పు మళ్ల మధ్య నుంచి సాగుతాయి. పిల్లలను కూర్చోబెట్టే తోకబండ్లతో సహా సైకిళ్లు ప్రతి ఊళ్లో అద్దెకిస్తారు. పన్నెండేళ్లలోపు వాళ్లకు హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. నలుపు తెలుపు గంటగోపురం ఉన్న ఆర్స్ ఊరు నాకు అన్నిటికన్నా నచ్చుతుంది, వంతెన నుంచి దూరం కాబట్టి పగటి సందర్శకులు కాస్త తక్కువ.

ఇబ్బంది రద్దీతోనూ ధరతోనూ. 1988లో వంతెన వచ్చినప్పటి నుంచి ఇది పారిస్ సంపన్నుల వేసవి విడిది అయింది. జులై, ఆగస్టుల్లో అద్దెలు బ్రిటనీకన్నా బాగా ఎక్కువ. వంతెన టోల్ కార్లకు వేసవిలో రెట్టింపు, సైకిళ్లకు లేదు. శనివారం వంతెన మీద వరస కడతారు. పారిస్ మోంపార్నాస్ నుంచి లా రొషెల్‌కు టీజీవీ అనే వేగపు రైలులో మూడు గంటల లోపే కాబట్టి కారు లేకుండా రైలు, బస్సు, సైకిలుతో వెళ్లడమే ఇక్కడ సుఖం. సెప్టెంబరు మొదటివారం స్కూళ్లు తెరిచాక వెళ్లగలిగితే ద్వీపం మళ్లీ పల్లెటూరవుతుంది, నీరేమో ఇంకా వెచ్చగానే ఉంటుంది.

ఆటుపోట్ల గొడవే వద్దనుకునేవాళ్లు దక్షిణానికి వెళ్లాలి. అక్కడ కొల్యూర్ అందమైనదే కానీ ఆగస్టులో ప్రశాంతమైన ఊరు కాదు. అదే రైలు మార్గంలో ఇంకాస్త ముందుకెళ్తే స్పెయిన్ సరిహద్దుకు దగ్గరగా బాన్యుల్స్ వస్తుంది. పెర్పిన్యాన్ నుంచి లోకల్ రైలు ఊళ్లోకే వెళ్తుంది. కాస్త అవతల పెయ్‌రఫిట్ బీచ్ దగ్గర, 1974లో ఏర్పడిన సముద్ర రక్షిత ప్రాంతంలో, నీటి అడుగున చేపలు చూసుకుంటూ ఈదే దారి ఉంది. వేసవిలో తెరుస్తారు. ముక్కు గొట్టం పెట్టుకోగల పదేళ్ల పిల్లలకు ఇంతకన్నా మంచి చోటు ఈ మూడింటిలో లేదు. అయితే ఇక్కడ ఒడ్డు మెత్తటి ఇసుక కాదు, గులకరాళ్లు. నాలుగడుగుల్లోనే లోతు వచ్చేస్తుంది, చిన్నపిల్లల్ని వదిలి కూర్చోలేరు. త్రామోంతాన్ గాలి లేచిందంటే పైనున్న వెచ్చటి నీటిని సముద్రంలోకి నెట్టేసి కింది చల్లటి నీటిని పైకి తెస్తుంది. నిన్న 23 డిగ్రీలున్న నీరు ఇవాళ 18 కావచ్చు.

నార్మండీ పల్లెలు నడవడానికి బాగుంటాయి, కానీ వెల్ లె రోజ్ లాంటి చోట్ల ఒడ్డంతా గులకరాళ్లే, సుద్ద కొండల కింద కూర్చోకూడదు, పెళ్లలు విరిగిపడతాయి. నైరుతి ఫ్రాన్స్‌లోని లాండ్ తీరం సర్ఫింగు చేసేవాళ్లది. అక్కడ ఇసుక మడుగుల నుంచి పోయే నీరు ఒక్క సందులోంచి మనిషిని సముద్రంలోకి లాగేస్తుంది, కాపలా ఉన్న చోట ఎరుపు, పసుపు జెండాల మధ్య తప్ప దిగకూడదు.

ఎక్కడికెళ్లినా ఇంటి గురించి ముందే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలో కలిసి ఉన్నాయా? చాలాచోట్ల ఉండవు. ఆఖరి రోజు శుభ్రం చేయడం ఎవరి బాధ్యత, డిపాజిట్ ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు? పొయ్యి గ్యాసా, ఇండక్షనా? ఇండక్షన్ అయితే మన అల్యూమినియం కుక్కరు పనిచేయదు, అయస్కాంతం అంటుకునే స్టీలు అడుగున్నది తీసుకెళ్లండి. కందిపప్పు, కారం, ఇంగువ మీ ఊరినుంచే సర్దుకోండి, పల్లెల్లో దొరకవు. హోటళ్లలో మధ్యాహ్నం రెండు దాటితే వంటిల్లు మూసేస్తారు, రాత్రి ఏడుకు ముందు తెరవరు. బ్రిటనీలో శాకాహారులకు నల్లటి కుట్టు (బక్‌వీట్) పిండితో పోసే గాలెట్ అనే అట్టు మంచి ఆసరా. జున్ను, పుట్టగొడుగులతో అడగవచ్చు. కాంప్లెత్ అన్నదాంట్లో మాత్రం పంది మాంసం ఉంటుంది. గుడ్డు తినేవాళ్లయితే "సాఁ జాంబోఁ" (పంది మాంసం లేకుండా) అని చెబితే అది తీసేసి గుడ్డు, జున్నుతో ఇస్తారు.