పాత కీబోర్డు పాటల ఫ్లాపీలు వేవ్ చేయించాలనుకునేటోళ్లు జర ఆగుండ్రి, నాకు జరిగింది చదివినంక పైసలు కట్టుండ్రి

కీబోర్డు వాయించే అన్నలు, తమ్ముళ్లు, ఒకప్పుడు ఆర్కెస్ట్రా నడిపి ఇంట్ల పాత ఫ్లాపీలు దాచిపెట్టుకున్నోళ్లు, ఇది జర మొత్తం చదవుండ్రి. కోర్గ్ ట్రైటన్, యమహా మోటిఫ్, రోలాండ్ ఫాంటమ్ అసొంటి వర్క్‌స్టేషన్ల, అంటె పాట మొత్తం అండ్లనే కట్టే కీబోర్డుల, సాంగ్ ఫైళ్లను ఫోన్ల, కంప్యూటర్ల మోగే వేవ్, ఎంపీత్రీ ఆడియో చేసిస్త అన్న ఒకాయనకు 5,000 అడ్వాన్స్ కట్టి, 14 ఒరిజినల్ ఫ్లాపీలు కొరియర్ల పంపి నేను మోసపోయిన. పైసల కంటె పెద్ద నష్టమే జరిగింది, అది కింద రాసిన. ఆయన పేరు, ఊరు రాస్త లేను. రేపు ఇంకో పేరుతోని ఇంకొకలు వస్తరు, ఎట్ల మోసం చేస్తరో తెలుస్తెనే మీరు బచాయిస్తరు.

మాది హన్మకొండ. నాకు కీబోర్డు నేర్పిన సార్ పరకాల దిక్కు మనిషి, 2003 నుంచి 2008 దాక ట్రైటన్ మీద 23 పాటలకు మ్యూజిక్ కట్టిన్రు, ఎక్కువ బతుకమ్మ పాటలు, కొన్ని సమ్మక్క సారలమ్మ పాటలు. డప్పు సౌండు కోసం సార్ ఎంత కష్టపడ్డరో నేను పక్కన ఉండి చూసిన, ఊర్లకెళ్లి డప్పు కొట్టేటోళ్లను పిలిపించి, సిర్ర దెబ్బ వేరే, సిటికెన పుల్ల దెబ్బ వేరే, డప్పు కాపిన తర్వాత ఒకసారి, కాపకముందు ఒకసారి, ఒక్కొక్కటి మైకు పెట్టి శాంపిల్ చేసి, అంటె ఆ దెబ్బను రికార్డు చేసి, కీల మీద పరిచిన్రు. డోలక్ కూడ గట్లనే. పోయిన సంవత్సరం సార్ కాలం చేసిన్రు. కీబోర్డు 2011లనే ఆపతికి అమ్ముకున్నరు, ఫ్లాపీలు మాత్రం అమ్మ, అంటె సార్ భార్య, ఒక బిస్కెట్ డబ్బల పెట్టి దాచింది. "బిడ్డా, సద్దుల బతుకమ్మ నాటికి ఆయన పాటలు మన వాడల వినపడాలె, ఏమన్న చెయ్యి" అని ఆ డబ్బ నా చేతుల పెట్టింది.

నా దగ్గర ట్రైటన్ లేదు. ఆళ్లనీళ్లను అడిగితె ఒక నంబరు దొరికింది. ఫోన్ చేస్తె ఆయన మస్తు ధైర్యంగ మాట్లాడిండు, "అన్నా టెన్షన్ పడకు, ఏ కీబోర్డు ఫైలైనా నా సాఫ్ట్‌వేర్ల ఏస్తె వేవ్ అయి వస్తది, కీబోర్డు కూడ అక్కర లేదు, పాటకు 400" అన్నడు. 23 పాటలకు 9,200. కీబోర్డు అక్కర లేదు అన్న మాట దగ్గర్నే నేను ఆగాల్సింది. నేను ఇరవై ఏండ్లు స్టేజీల మీద వాయించిన గని ఫైలు లోపట ఏముంటదో ఎన్నడు పట్టించుకోలే, అమ్మ అడిగింది, బతుకమ్మ దగ్గరికొచ్చింది, ఫోన్‌పే కొట్టిన.

ఫ్లాపీలు అందినయి అని పొద్దుగాల పదిన్నరకు మెసేజ్ పెట్టిండు. పదకొండు పదికి 23 పాటలు డ్రైవ్ లింకుల వచ్చినయి. అంటె 40 నిమిషాలు. సార్ పాటలు అన్ని కలిపితె గంటా 50 నిమిషాలు ఉంటయి, నిజంగ కీబోర్డు మీద మోగించి రికార్డు చేస్తె గంటా 50 నిమిషాల కంటె ఒక్క నిమిషం తక్కువల కూడ అది అయ్యే పని కాదు. ఆ లెక్క నాకు అప్పుడు తట్టలే, తొందరగ అయిపోయింది అని సంబురపడ్డ.

అమ్మ ఇంటికి స్పీకర్ పట్టుకొని పోయి మొదటి పాట పెట్టిన. రాగం సార్దే, నడక సార్దే, గని డప్పు రావాల్సిన కాడ విజిల్ వచ్చింది, ఇంకో దెబ్బ కాడ తాళాల మోత వచ్చింది, సన్నాయి పిల్లల బొమ్మల వచ్చే పీపీ లెక్క ఉంది, సార్ జారుడు స్వరం పట్టిన కాడల్ల సగంల ఆగిపోయి అపస్వరం పలికింది. అమ్మ రెండు నిమిషాలు విని, "ఇది ఆయనది కాదు బిడ్డా" అని లోపటికి పోయింది. ఆ మాట నేను మర్చిపోను.

ఆయనకు ఫోన్ చేస్తె "మీ ఫైలే అట్ల ఉంది అన్నా, పాతది కద, పాడైంది" అన్నడు. అది పచ్చి అబద్ధం. ఎందుకు అబద్ధమో ఇప్పుడు చెప్త, ఇదే మీరందరు తెలుసుకోవాల్సింది.

సాంగ్ ఫైల్ల సౌండు ఉండది. ట్రైటన్ల ఎస్ఎన్‌జి అని వచ్చే ఫైల్ల ఉండేది ఏంటిదంటె, ఏ టైముకు ఏ కీ నొక్కాలె, ఎంత గట్టిగ నొక్కాలె, ఎప్పుడు వదలాలె, ఏ ట్రాకుకు ఏ బ్యాంకుల ఎన్నో నంబరు టోన్ (వాయిద్యం సౌండు) పెట్టాలె, ఎఫెక్టులు ఏంటియి, అంతే. ఆ టోన్లు, డ్రమ్ కిట్లు పీసీజీ అనే వేరే ఫైల్ల ఉంటయి. సొంతంగ శాంపిల్ చేసిన డప్పు, డోలక్ ఇంకా వేరే, అయి కేఎస్ఎఫ్, కేఎంపీ ఫైళ్లు, వాటన్నిటిని ఒక్కసారి లోడ్ చేయడానికి కేఎస్‌సీ అని ఒక లిస్టు ఫైలు. ఈ మూడు రకాలు కలిసి అదే కీబోర్డుల పడితెనే పాట పాటైతది. ఒక లెక్క చూడుండ్రి, సీడీ క్వాలిటీ స్టీరియో వేవ్ అంటె సెకనుకు 1,76,400 బైట్లు, నిమిషానికి 10 ఎంబీ పైననే. ఫ్లాపీల పట్టేది 1.44 ఎంబీ. అంటె ఒక ఫ్లాపీల ఎనిమిది సెకన్ల వేవ్ పడుతది, గంతే. సార్ ఒక్క ఫ్లాపీల 11 పాటలు పెట్టిన్రు, అండ్ల సౌండే ఉంటె అన్ని పాటలు ఎట్ల పడుతయి?

మరి ఆ మనిషి ఏం చేసిండు అంటె, ఎస్ఎన్‌జిలకెళ్లి మిడి ఫైలు, అంటె ఏ కీ ఎప్పుడు నొక్కాలె అన్న లెక్కనే ఉండే, సౌండు లేని ఫైలు, గుంజి, దాన్ని కంప్యూటర్ల ఉండే మామూలు జనరల్ మిడి సౌండ్లతోని మోగించి వేవ్ అని పంపిండు. జనరల్ మిడి 1991ల వచ్చిన స్టాండర్డు, 128 టోన్లు ఉంటయి, అండ్ల 105వది సితార్, 112వది షెహనాయి. డప్పు లేదు, డోలక్ లేదు, తబలా లేదు. డ్రమ్స్ అన్ని 10వ ఛానల్ల, ఏ కీకి ఏ వాయిద్యమో ముందే రాసిపెట్టి ఉంటది, 36 బేస్ డ్రమ్, 38 స్నేర్, 49 క్రాష్, 71 పొట్టి విజిల్. సార్ సిటికెన పుల్ల దెబ్బను పెట్టుకున్న కీ 71. అందుకే విజిల్ మోగింది. జారుడు స్వరాల సంగతి కూడ ఇదే, సార్ సన్నాయి టోన్ల బెండ్ రేంజ్, అంటె స్వరం ఎంత దూరం జారాలె అన్నది, 12 మెట్లు పెట్టుకున్నరు, జనరల్ మిడిల ఏం చెప్పకుంటె అది 2 మెట్లే జరుగుతది, గమకం కాస్త కుంటుడు అయిపోయింది. ఫైలు పాడైతె ఇట్ల ఒక లెక్క ప్రకారం తప్పు రాదు, పాట ఆగిపోతది లేకుంటె కీబోర్డే ఎర్రర్ చూపిస్తది.

వేవ్ అన్నది కూడ నిజం కాదు. ఆడాసిటీ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అండ్ల ఫైలు తెరిచి స్పెక్ట్రోగ్రామ్ (సౌండును బొమ్మ లెక్క చూపేది) పెట్టి చూస్తె 23 పాటలల్ల 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితోని కోసినట్టు ఉంది, దాని పైన సన్నటి సౌండే లేదు. తక్కువ బిట్‌రేట్ ఎంపీత్రీని మళ్ల వేవ్ అని మార్చినప్పుడు ఇట్ల కనపడుతది, పోయిన సౌండు మళ్ల రాదు, సైజు మాత్రం పెరుగుతది.

ఇగ మీరు ఎవరికన్న ఇచ్చే ముందు, మీ దగ్గర ఇదే మోడల్ కీబోర్డు ఉందా అని అడుగుండ్రి, ఉంటె వీడియో కాల్ల చూపెట్టుమనుండ్రి. పీసీజీ ఫైలు ఉందా అని ఎదుటాయన మిమ్మల్ని అడగాలె, అడగకుంటె ఆయనకు పని తెల్వదు అన్నట్టే. సొంత శాంపిల్స్ ఉన్న పాట ఒక్కటి ఇచ్చి ముందు ఒక నిమిషం పంపుమనుండ్రి, అది మీ చెవులకు సరే అనిపిస్తెనే పైసలు. మిడి ఫైలు కూడ వేరేగ ఇయ్యాలె అని మాట తీసుకోండ్రి, ట్రైటన్లనే పాటను స్టాండర్డ్ మిడి ఫైలుగ సేవ్ చేసే ఆప్షన్ ఉంది, పెద్ద పనేం కాదు, ఎందుకు అడగాల్నో నా నష్టం చదివితె తెలుస్తది. ఒరిజినల్ ఫ్లాపీలు మాత్రం ఎవ్వరికి ఇయ్యకుండ్రి. ట్రైటన్ ఫ్లాపీలు కంప్యూటర్లు చదివే డాస్ ఫార్మాట్లనే ఉంటయి, యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు పెట్టి మీ ఇంట్లనే కాపీ చేసుకోవచ్చు. పెట్టే ముందు మూలకున్న చిన్న గొళ్లెం జరిపి రంధ్రం తెరిచి ఉంచుండ్రి, అప్పుడు దాని మీద ఏం రాయరాదు. కొన్నిసార్లు ఫ్లాపీ సరిగ్గ చదవకుంటె విండోస్ "ఫార్మాట్ చేయాల్నా" అని అడుగుతది, ఓకే నొక్కినరా మొత్తం పోతది.

తర్వాత కరీంనగర్ల ఒక అన్న దగ్గర పాత ట్రైటన్ నడుస్తున్నదని తెలిసి పోయిన. ఆ అన్న పైసలు ముట్టలే, "సార్ పాటలకు పైసలు ఎట్ల తీసుకుంటం" అన్నడు. ముందు పీసీజీ, తర్వాత కేఎస్‌సీ, ఆఖరికి ఎస్ఎన్‌జి, ఈ వరుసల లోడ్ చేసినం. శాంపిల్స్ కొన్ని ఒక ఫ్లాపీల పట్టక రెండు మూడిట్ల ఉన్నయి, ఒకటి తీసి ఒకటి పెట్టుకుంట కూసున్నం. వెనక ఎడమ, కుడి మెయిన్ అవుట్ల నుంచి రెండు కేబుళ్లు ఆడియో ఇంటర్ఫేసుకు (కీబోర్డు సౌండును కంప్యూటర్లకు ఎక్కించే డబ్బకు), 24 బిట్, లెవెల్ ఎర్ర గీతకు ఒక 6 డీబీ కిందికి ఉంచి పాట మొదట్నుంచి చివరిదాక మోగిస్తనే రికార్డు. డప్పు ట్రాకులు సోలో పెట్టి, అంటె అయ్యొక్కటే మోగేటట్టు, ఇంకోసారి తీసినం, రేపు మిక్సింగ్‌కు పనికొస్తయని. మధ్యాహ్నం కరెంటు పోయింది, ట్రైటన్ల శాంపిల్ మెమరీ కరెంటు పోతె ఖాళీ అయితది, మళ్ల ఫ్లాపీలన్ని మొదట్నుంచి. పొద్దుగాల పదింటికి మొదలుపెడితె రాత్రి ఎనిమిది అయింది.

మొదటి డప్పు దెబ్బ వినంగనే నాకు కండ్లల్ల నీళ్లు ఆగలే. అమ్మకు ఫోన్ల వినిపించిన, ఏం మాట్లాడలే, పాట మొత్తం అయ్యేదాక వినుకుంట ఉన్నది.

గని తీసింది 21 పాటలే. ఆ మనిషి తిరిగి పంపిన ఫ్లాపీలల్ల ఒకటి ఖాళీ. పాటలు గుంజుకున్నంక ఎప్పుడో దాన్ని ఫార్మాట్ కొట్టిండు, అండ్ల రెండు ఉయ్యాల పాటలు ఉండె. డప్పు శాంపిల్స్, పీసీజీ వేరే ఫ్లాపీలల్ల భద్రంగ ఉన్నయి కాబట్టి ఆ రెండు పాటల మిడి ఫైలు ఒక్కటి పంపితె మళ్ల ట్రైటన్ల పెట్టి నిలబెట్టుకుంటం, బాకీ 4,200 కూడ కడత అని ఆయనకు ఎన్నోసార్లు చెప్పిన. ముందు చూస్త అన్నడు, తర్వాత నా నంబరు బ్లాక్ చేసిండు. ఇప్పుడు ఆ రెండు పాటలు విజిల్‌తోని మోగే ఫైళ్లల్లనే ఉన్నయి.

సార్ పాటలు అప్పట్ల క్యాసెట్ల మీద కూడ కొన్ని ఎక్కిచ్చి పరకాల, ములుగు, భూపాలపల్లి దిక్కు ఆర్కెస్ట్రాల వాళ్లకు ఇచ్చిన్రు. ఎవరింట్లనన్న చేతితోని "ఉయ్యాల – ట్రైటన్" అని రాసున్న క్యాసెట్టు ఉంటె నాకు చెప్పుండ్రి. క్యాసెట్టు అడగ, టేపు రికార్డరు, కేబుల్ పట్టుకొని నేనే మీ ఇంటికొచ్చి మీ ముందట్నే కాపీ చేసుకొని పోత.