స్టెబిలైజరా, యూపీఎస్సా: ఇంటి కంప్యూటరుకు ఏది మేలు?

వేసవి సాయంత్రాల్లో ఏసీలన్నీ ఒక్కసారిగా నడిచే వేళ, తిరుపతి శివార్లలోనైనా చిత్తూరు పల్లెల్లోనైనా, లైను చివరనున్న ఇళ్లలో 230 వోల్టులు ఉండవలసిన సరఫరా బాగా పడిపోయి ఫ్యాన్లు నీరసంగా తిరుగుతాయి. కంప్యూటరున్న ఇంట్లో అప్పుడే స్టెబిలైజరు, యూపీఎస్ అనే ఈ రెండింటి ప్రస్తావన వస్తుంది.

స్టెబిలైజరు ట్రాన్స్‌ఫార్మరు సాయంతో వోల్టేజీని పెంచుతుంది, తగ్గిస్తుంది. లోపలి రిలే, అంటే దానంతటదే మారే స్విచ్చు, మారినప్పుడల్లా ‘టక్’మని వినిపిస్తుంది. లో వోల్టేజీలో మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది కనుక ఫ్రిజ్జుకు ఇది చాలా అవసరం. కంప్యూటరు సంగతి వేరు. దానిలోని ఎస్ఎంపీఎస్, అంటే వచ్చే కరెంటును భాగాలకు తగినట్టు మార్చి ఇచ్చే పెట్టె, కొంత హెచ్చుతగ్గులను తానే సర్దుకుంటుంది. అది తట్టుకోలేనిది కరెంటు హఠాత్తుగా పోవడం. హార్డ్ డిస్కుపై రాస్తున్న ఫైలు సగంలో ఆగి పాడయ్యే ప్రమాదం అక్కడే ఉంది, దానికి స్టెబిలైజరు చేయగలిగింది ఏమీ లేదు.

లైన్ ఇంటరాక్టివ్ రకం యూపీఎస్ వోల్టేజీని కొంత సరిచేస్తూనే, కరెంటు పోయిన కొన్ని మిల్లీసెకన్లలో బ్యాటరీకి మారుతుంది. ఆ కాస్త వ్యవధిని ఎస్ఎంపీఎస్‌లో విద్యుత్తును కాస్త నిలవ ఉంచుకునే కెపాసిటర్లు నెట్టుకొస్తాయి. దీని లోపమల్లా లోపలి లెడ్ యాసిడ్ బ్యాటరీయే: మన ఎండలకు త్వరగా డీలాపడుతుంది, కొన్నేళ్లకోసారి మార్చక తప్పదు. లేజర్ ప్రింటరును మాత్రం దీనికి తగిలించకూడదు, ఆ లోడు అది మోయలేదు.

డెస్క్‌టాపుకు యూపీఎస్సే తగినదని నా అభిప్రాయం. ల్యాప్‌టాపుకు సొంత బ్యాటరీ ఉంది కనుక రెండూ అక్కర్లేదు. పిడుగులు పడే వేళ ఏది ఉన్నా ప్లగ్గు తీసేయడమే క్షేమం. కేబినెట్టును తాకితే జివ్వుమనే ఇంట్లో ముందు ఎర్తింగు సరిచూపించాలి.