నోట్లో నానే పాటల కోసం: ఆరేళ్ళు బ్యాండ్‌క్యాంప్ వాడాక

పొద్దున ఒక్కసారి వింటే రాత్రి దాకా నోట్లో నానే కోరస్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవి, ఉండాలి. ఇండీ, అంటే పెద్ద మ్యూజిక్ కంపెనీల అండ లేని, పాప్, రాక్ బ్యాండ్లలో నేను వెతికేది అదే. ఇదివరకు ఒక స్ట్రీమింగ్ యాప్ ఏం వినిపిస్తే అది వినేవాణ్ణి. ఒక పాట అవగానే అచ్చం అలాంటిదే ఇంకోటి వచ్చేది, నెల తిరిగేసరికి ఏ బ్యాండ్ పేరూ గుర్తుండేది కాదు. ఒకరోజు చూస్తే, ఏళ్ళ తరబడి కూర్చుకున్న ప్లేలిస్టులోంచి పదకొండు పాటలు మాయం. వాటిలో రెండు ఇప్పటికీ దొరకలేదు. అప్పుడు బ్యాండ్లు తమ పాటలు నేరుగా మనకి అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ అనే సైటుకి వచ్చాను.

ఇక్కడ నాకు అన్నిటికంటే పనికొచ్చింది సెర్చ్ కాదు, ట్యాగులూ కాదు. ఆల్బమ్ కవర్ కింద, దాన్ని కొన్నవాళ్ళ చిన్న చిన్న ఫొటోలు వరసగా ఉంటాయి. ఏదో ఒకటి నొక్కితే ఆ మనిషి కొన్న ఆల్బమ్‌లన్నీ కనిపిస్తాయి. కొందరు తమకు బాగా నచ్చిన పాటేదో చెప్పి రెండు ముక్కలు రాస్తారు కూడా. మన అభిరుచికి దగ్గరగా ఉన్న మనిషి ఒక్కరు దొరికితే చాలు, ఆరు నెలలకి సరిపడా పాటలు దొరికినట్టే.

నాకు ఆ దారి తెరిచింది న్యూజిలాండ్ బ్యాండ్ ద బెత్స్. 2018లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ 'ఫ్యూచర్ మీ హేట్స్ మీ' ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో. ఎలిజబెత్ స్టోక్స్ దాదాపు మాట్లాడుతున్నట్టే పాడుకుంటూ వస్తుంది. కోరస్ దగ్గరికి రాగానే మిగతావాళ్ళు గొంతు కలుపుతారు. కింద గిటార్లు గరగరమంటుంటే పైన గొంతులు మెత్తగా తేలుతుంటాయి, ఆ రెండూ కలిసేచోటే నాకు ప్రాణం లేచొస్తుంది. ఆ ఆల్బమ్ కొన్న ఒకాయన కలెక్షన్ చూస్తే సగం ఫ్లయింగ్ నన్ అనే లేబుల్‌వే, అంటే పాటలు విడుదల చేసే సంస్థవే. రోజర్ షెపర్డ్ 1981లో క్రైస్ట్‌చర్చ్‌లో పెట్టిన లేబుల్ అది. దాని తొలి హిట్ ద క్లీన్ బ్యాండ్ పాట 'టాలీ హో!'. రికార్డింగ్ చాలా నాసిగా ఉంటుంది, ఆర్గన్ బాణీ మాత్రం అదే పనిగా గింగిరాలు తిరుగుతూ మనల్ని కూర్చోనివ్వదు. ఆ ఆర్గన్ వాయించింది ఎవరా అని చూస్తే మార్టిన్ ఫిలిప్స్, ద చిల్స్ బ్యాండ్ నడిపినాయన. అలా మూడో బ్యాండ్ దొరికింది. 2024లో ఆయన పోయారని తెలిసిన రోజు సాయంత్రమంతా ఆయన పాటలే పెట్టుకుని కూర్చున్నాను.

ఇక డబ్బు సంగతి. డిజిటల్ అమ్మకాల మీద బ్యాండ్‌క్యాంప్ మామూలుగా 15 శాతం తీసుకుంటుంది, టీషర్టులూ రికార్డుల మీద 10. బ్యాండ్ పెట్టిన ధర కంటే మనం ఎక్కువ ఇవ్వొచ్చు కూడా. 2020 మార్చి 20న కోవిడ్ మొదట్లో తమ వాటా వదులుకుని మొదటి బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే జరిపారు. ఇప్పటికీ నేను కొనాలనుకున్నవి ఆ శుక్రవారాల దాకా ఆపి పెట్టుకుంటాను. 2022లో ఎపిక్ గేమ్స్ అనే వీడియో గేముల కంపెనీ బ్యాండ్‌క్యాంప్‌ని కొంది, మరుసటి ఏడే సాంగ్‌ట్రేడర్ అనే మ్యూజిక్ లైసెన్సింగ్ కంపెనీ చేతికి వెళ్ళింది, అక్కడ పనిచేసేవాళ్ళలో దాదాపు సగం మంది ఉద్యోగాలు పోయాయి. అది చదివాక నాకు దిగులేసింది. అందుకే కొన్న ప్రతి ఆల్బమ్‌నూ నాణ్యత తగ్గని ఫ్లాక్ (FLAC) ఫైల్‌గా దించుకుని రెండు చోట్ల దాచుకుంటున్నాను. మీరూ అలాగే చెయ్యండి.

వెతికే ఓపిక లేనివాళ్ళకి మాత్రం ఇది నేను చెప్పను. వారానికి ఓ గంటైనా పెట్టగలిగితేనే దీని రుచి తెలుస్తుంది.

స్నేహితులకి చెప్పేటప్పుడు నేను ఆల్బమ్ లింకు పంపను. ఒకే ఒక్క పాట, అదీ నిమిషంలోపు కోరస్ అందుకునేది పంపుతాను. నచ్చితే వాళ్ళే రెండోది అడుగుతారు. ఇప్పటిదాకా ఎక్కువమంది రెండోది అడిగింది టొరంటో బ్యాండ్ ఆల్వేస్‌కి. వాళ్ళ 2014 ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. వెతికేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: ఇంగ్లీషులో ఆ పేరుకి డబ్ల్యూ ఉండదు, దాని బదులు రెండు 'వి'లు కొట్టాలి.