పశువుల ఎరువు, నైట్రస్ ఆక్సైడ్: న్యూజిలాండ్ పద్ధతి మేలా, నెదర్లాండ్స్ పద్ధతి మేలా?

ఆవు ఒకటే, పేడా మూత్రమూ ఒకటే. అవి ఎక్కడ పడతాయన్నదే తేడా. వాటిలోని నత్రజని నుంచి పుట్టే నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 273 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది కాబట్టి ఈ తేడా చిన్నదేం కాదు.

పుట్టే చోటు: న్యూజిలాండ్‌లో ఆవులు దాదాపు ఏడాదంతా బయటే మేస్తాయి. మూత్రం పడిన చిన్న జాగాలో నత్రజని గుమ్మరించినట్టవుతుంది. గడ్డి అంత పీల్చుకోలేదు, మిగిలినదాంట్లో కొంతని నేలలోని సూక్ష్మజీవులు నైట్రస్ ఆక్సైడ్‌గా మారుస్తాయి. నెదర్లాండ్స్‌లో ఎక్కువ భాగం కొట్టం కింది గుంటలో ద్రవంగా చేరుతుంది. గాలి ఆడదు కనుక అక్కడ నైట్రస్ ఆక్సైడ్ తక్కువ (మీథేన్ మాత్రం దండిగా). అసలు విడుదల పొలంలో వేశాకే.

ఖర్చు: మేపడం చవక. గుంటకు కట్టడం, యంత్రాలు కావాలి.

చిక్కు: నెదర్లాండ్స్ రైతులు ఎరువును నేలలోకి దింపి వేయాలి. గాలిలోకి పోయే అమ్మోనియా తగ్గుతుంది, నైట్రస్ ఆక్సైడ్ పెరగొచ్చు. ఈ బేరం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

అదుపు: గుంటలోని ఎరువును ఎప్పుడు, ఎంత వేయాలో చట్టం పెట్టిన హద్దుల్లో రైతు ఎంచుకోవచ్చు. ఆవు ఎక్కడ మూత్రం పోస్తుందో ఎవరి చేతుల్లోనూ లేదు! న్యూజిలాండ్‌లో నేలలోని సూక్ష్మజీవుల పనిని నెమ్మదింపజేసే డీసీడీ అనే నిరోధక రసాయనం వాడి చూశారు. పాలలో దాని ఆనవాళ్లు కనబడటంతో 2013లో ఆపేశారు.

నీరు త్వరగా ఇంకే నేలలో, పశువులు పలచగా ఉంటే మేపడమే నయం. నేల నెలల తరబడి నానిపోయే చోట, మంద పెద్దదైతే, ఆ తడి రోజుల్లో కొట్టమూ గుంటే మేలు.